బడి బీరువాలోని బీబీసీ మైక్రోలో పాత ప్రోగ్రాములు మళ్లీ నడిపించడం ఎలా

బయటికి ఒకేలా కనిపించే రెండు బీబీసీ మైక్రోలను (1980ల నాటి బడి కంప్యూటర్లు) పక్కపక్కన పెట్టి, ఒకే క్యాసెట్‌లోని ఒకే ప్రోగ్రామును రెండింటిలోకీ ఎక్కించండి. ఒకదాంట్లో చక్కగా నడుస్తుంది, రెండోదాంట్లో స్క్రీన్ నిండా చెత్త అక్షరాలు వచ్చి మెషీన్ బిగుసుకుపోతుంది. చాలామంది వెంటనే క్యాసెట్ పాడైందనో, మెషీన్ పాతబడిందనో అనేసి పక్కన పెట్టేస్తారు. ఎక్కువసార్లు రెండూ బాగానే ఉంటాయి. తేడా లోపలి రోమ్ చిప్‌లలో, అంటే చెరగని ప్రోగ్రాములు దాచిన చిప్‌లలో ఉంటుంది. వాటిలో రాసి ఉన్న సిస్టమ్ (ఓఎస్) ఏ వెర్షనో, బేసిక్ (ప్రోగ్రాములు రాసే భాష) ఏ వెర్షనో, డిస్క్‌ను నడిపే డిస్క్ రోమ్ ఉందో లేదో అన్నదాన్ని బట్టి ప్రోగ్రాము నడవడమో ఆగడమో తేలుతుంది.

మన దగ్గర ఈ మెషీన్లు దొరకడానికి కారణం ఉంది. 1984-85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ ప్రాజెక్టు పేరుతో బడుల్లో కంప్యూటర్ చదువు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్నది బీబీసీ మైక్రోనే. దేశవ్యాప్తంగా సుమారు 250 బడులతో మొదలైంది. తర్వాత చండీగఢ్ పక్కనున్న సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ అదే మెషీన్‌ను ఎస్‌సీఎల్ యూనికార్న్ పేరుతో ఇక్కడే తయారుచేసింది. కాబట్టి నల్లగొండలోనో, మిర్యాలగూడలోనో, వనపర్తిలోనో ఏ పాత బడి బీరువాలోనైనా లేత గోధుమరంగు డబ్బా, దాని మీద ఎర్రటి ఫంక్షన్ కీలు కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి. స్టాక్ రిజిస్టర్‌లో ఉన్న వస్తువు కాబట్టి హెడ్మాస్టరు గారితో ముందే మాట్లాడండి: "సార్, దీన్ని కండెమ్ లిస్టులో వెయ్యకముందు నాకొక్క వారం టైమియ్యుండ్రి." డబ్బాతో పాటు క్యాసెట్లు ఉన్నాయేమో కూడా అడగండి. మెషీన్ ఇంకోచోట దొరకొచ్చు, ఆనాటి సారు పిల్లల కోసం రాసిన ప్రోగ్రాము ఇంకెక్కడా దొరకదు.

కింద ఆదేశాలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో కొట్టాలి. "స్టార్" అని ఉన్నచోట నక్షత్రం గుర్తు కొట్టండి.

పవర్ ఇచ్చే ముందు

ముందే స్విచ్ వేయకండి. బీబీసీ మైక్రో పవర్ సప్లైలో కరెంటు లోపలికొచ్చే చోట రిఫా కంపెనీ కాగితపు కెపాసిటర్లు ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి పైతొడుగు పగిలి, తేమ పీల్చుకుంటుంది. స్విచ్ వేసిన కాసేపటికే టప్‌మని పేలి గదంతా పొగ నింపుతాయి. 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం ఒకటి, 0.01 ది ఒకటి, రెండూ 275 వోల్టుల ఏసీకి సరిపోయేవి తెచ్చి మార్పించండి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. మెయిన్స్ కరెంటుతో పని కాబట్టి మీకు అలవాటు లేకపోతే క్లాక్ టవర్ దగ్గర పాత టీవీలు బాగుచేసే మెకానిక్‌కు ఇవ్వండి. "అన్నా, ఇవి రెండు మార్చు చాలు, మిగతాది ముట్టకు" అని గట్టిగా చెప్పండి.

దుమ్ము విషయం కూడా చూసుకోండి. రైస్ మిల్లులున్న ఊళ్లలో సన్నటి ఊక దుమ్ము సాకెట్లలో పేరుకుని ఉంటుంది. డబ్బా విప్పడానికి వెనకాల రెండు, అడుగున రెండు స్క్రూలు ఉంటాయి, వాటి పక్కనే "ఫిక్స్" అని అచ్చు వేసి ఉంటుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. చిప్‌లను ఇంకా లాగొద్దు.

ముందు మీ మెషీన్‌లో ఏముందో తెలుసుకోండి

స్విచ్ వేయగానే ఒక బరువైన "బూ", వెంటనే ఒక సన్నటి "బీప్" వినిపించాలి. స్క్రీన్ మీద బీబీసీ కంప్యూటర్ 32కె అని, కింద బేసిక్ అని కనిపించాలి.

అప్పుడు మొట్టమొదట కొట్టాల్సింది: రిపోర్ట్. ఇంకేదీ కొట్టకముందే ఇది కొట్టాలి. ఎందుకంటే రిపోర్ట్ అనేది చివరిసారి వచ్చిన ఎర్రర్‌ను చూపిస్తుంది. ఎర్రర్ ఏదీ ఇంకా రాలేదు కాబట్టి బేసిక్ తన కాపీరైట్ లైను చూపిస్తుంది. అందులో 1981 ఏకార్న్ (మెషీన్ తయారుచేసిన కంపెనీ) అని వస్తే మీది బేసిక్ 1, 1982 అని వస్తే బేసిక్ 2.

తర్వాత స్టార్ హెల్ప్ కొట్టండి. డిస్క్ రోమ్ ఉంటే దాని పేరు, వెర్షను వస్తాయి, డీఎఫ్ఎస్ 0.90 అనో, 1.20 అనో. చివర ఓఎస్ వెర్షను వస్తుంది. ఈ జాబితాలో బేసిక్ పేరు కనబడదు. బేసిక్ రోమ్‌కు ఇలాంటి పిలుపులకు జవాబిచ్చే భాగమే లేదు. అందుకే రిపోర్ట్ విడిగా కొట్టాల్సి వచ్చింది.

మూడోది: ప్రింట్ పేజ్. బేసిక్ ప్రోగ్రాములు మెమరీలో ఎక్కడి నుంచి మొదలవుతాయో చెప్పే అంకె ఇది. క్యాసెట్ మాత్రమే ఉన్న మెషీన్‌లో 3584, డిస్క్ రోమ్ ఉన్నదాంట్లో 6400, ఎకోనెట్ (మెషీన్లను కలిపే నెట్‌వర్క్) కూడా ఉంటే 6912 వస్తుంది.

ఈ నాలుగూ, అంటే ఓఎస్, బేసిక్, డిస్క్ రోమ్, పేజ్, ఒక కాగితం మీద రాసి డబ్బా అడుగున అంటించండి. ఓఎస్ 1.20, బేసిక్ 2 కలిసి ఉంటే మీ పని సగం తేలికైనట్టే, ఎక్కువ ప్రోగ్రాములు ఈ జంటను దృష్టిలో పెట్టుకుని రాసినవే. ఓఎస్ 0.10 వస్తే మాత్రం అది చాలా తొలినాటి మెషీన్. అందులో డిస్క్ నడవదు, దానికి 1.00 లేదా ఆపైన కావాలి. సిస్టమ్ ఒక్క చిప్‌లో కాకుండా నాలుగు ఈప్రామ్‌లలో (చెరిపి మళ్లీ రాయగల రోమ్ చిప్‌లలో) ఉంటుంది. దాన్ని మార్చాలంటే చిప్‌తో పాటు బోర్డు మీది లింకులూ మార్చాలి. అలాంటిది దొరికితే మార్చకుండా అలాగే ఉంచమనే నా సలహా. అరుదైన వస్తువు అది.

రోమ్‌కు కాపీ తీసుకోండి

ప్రోగ్రాముల జోలికి వెళ్లేముందు ఈ పని పూర్తి చేయండి. బేసిక్ రోమ్ 32768 నుంచి 16384 బైట్లు ఆక్రమిస్తుంది. మోడ్ 7 లో (స్విచ్ వేయగానే వచ్చే స్క్రీన్ పద్ధతి) ఉండి, లైన్ నంబరు లేకుండా నేరుగా ఇలా కొట్టండి:

ఫర్ ఐ%=0 టు 16383 స్టెప్ 4 : ఐ%!12288=ఐ%!32768 : నెక్స్ట్

కొంచెంసేపు ఆగితే మళ్లీ ప్రాంప్ట్ వస్తుంది. అప్పుడు:

స్టార్ సేవ్ బేస్ 3000 +4000

ఇక్కడి 3000, 4000 అనేవి హెక్సాడెసిమల్ అంకెలు. 12288 నే హెక్స్‌లో 3000 అంటారు, 16384 ను 4000 అంటారు. క్యాసెట్ మీదకైతే మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. ముందు ర్యామ్‌లోకి కాపీ చేసి తర్వాత సేవ్ చేయడానికి కారణం ఉంది. రోమ్ నుంచి నేరుగా డిస్క్‌కు సేవ్ చేస్తే, ఆ సమయంలో అదే చోటులోకి డిస్క్ రోమ్ వచ్చి కూర్చుంటుంది. బేసిక్ కాపీ అనుకుని మీరు దాచుకున్నది నిజానికి డిస్క్ రోమ్ కాపీ అవుతుంది. ఫైలు సైజు సరిగ్గానే ఉంటుంది కాబట్టి అనుమానం కూడా రాదు.

ఓఎస్ రోమ్ 49152 నుంచి 65535 దాకా ఉంటుంది. దాన్ని ఒకే లూపుతో చదవకండి. 64512 నుంచి 65279 దాకా ఉన్న 768 చోట్లలో మనకు కనిపించేది రోమ్ కాదు, హార్డ్‌వేర్. అక్కడ చదివితేనే కొన్ని చిప్‌ల స్థితి మారిపోతుంది. కాబట్టి ముందు 64511 దాకా, తర్వాత 65280 నుంచి చివరిదాకా రెండు ముక్కలుగా తీసుకోండి. ఆ 768 బైట్ల వెనకాల ఓఎస్ 1.20 రోమ్‌లో ఏముందో తెలుసా? ఆ మెషీన్‌ను తయారుచేయడంలో పాలుపంచుకున్నవాళ్లకు కృతజ్ఞతలు, వాళ్ల పేర్లు. మెషీన్ నడిచేటప్పుడు ఎవరికీ కనబడని చోట రాసుకున్నారు. చిప్ బయటికి తీసి ప్రోగ్రామర్‌లో పెట్టి చదివితేనే ఆ పేర్లు కనిపిస్తాయి.

ప్రోగ్రాము ఆగడానికి మొదటి అనుమానితుడు: పేజ్

నా లెక్కలో పదింట ఏడు తగాదాలు ఇక్కడే తేలిపోతాయి. క్యాసెట్ మెషీన్ కోసం రాసిన పెద్ద ప్రోగ్రామును డిస్క్ ఉన్న మెషీన్‌లోకి ఎక్కిస్తే 2816 బైట్ల చోటు తగ్గిపోతుంది. 6400 లోంచి 3584 తీసేస్తే వచ్చేది అదే. డిస్క్ రోమ్ తన పని కోసం ఆ చోటు లాక్కుంటుంది. అప్పుడు "నో రూమ్" అనో, మోడ్ మార్చేటప్పుడు "బ్యాడ్ మోడ్" అనో ఎర్రర్ వస్తుంది.

చాలా ప్రోగ్రాములకు చికిత్స ఇది. డిస్క్ నుంచి మామూలుగా లోడ్ చేయండి, రన్ చేయకండి. తర్వాత వరసగా కొట్టండి:

స్టార్ టేప్
ఫర్ ఐ%=0 టు టాప్-పేజ్ స్టెప్ 4 : ఐ%!3584=ఐ%!పేజ్ : నెక్స్ట్
పేజ్=3584
ఓల్డ్
రన్

స్టార్ టేప్ అనగానే డిస్క్ రోమ్ పక్కకు తప్పుకుంటుంది. లూపు ప్రోగ్రామును కిందికి జరుపుతుంది. ఓల్డ్ దాన్ని మళ్లీ గుర్తుపట్టిస్తుంది. ఒక్క చిక్కు, ప్రోగ్రాము మధ్యలో డిస్క్ నుంచి ఇంకో ఫైలు అడిగితే దొరకదు, డిస్క్ పనిచేసే చోటు మీదే ఇప్పుడు ప్రోగ్రాము కూర్చుని ఉంది. అలాంటి ప్రోగ్రామును క్యాసెట్ నుంచే నడపడం మేలు. ఫోన్‌లో ఆడియో ఫైలుగా దాచి, హెడ్‌ఫోన్ వైరు ద్వారా క్యాసెట్ పోర్టుకు ఇచ్చినా మెషీన్ చక్కగా చదువుకుంటుంది.

తెలుగు అక్షరాల ప్రోగ్రాము ఎందుకు చెదిరిపోతుంది

దీని దగ్గర కొంచెం ఆగుదాం. ఆ రోజుల్లో ఏ తెలుగు సారైనా ఈ మెషీన్ ముందు కూర్చుంటే మొదట చేయాలనుకునేది తెరమీద "అ" రాయడమే. బీబీసీ మైక్రోలో వీడీయూ 23 అనే ఆదేశంతో సొంత అక్షరాలు గీసుకోవచ్చు. ఒక్కో గడి ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. ఇంగ్లిష్ అక్షరం ఒక గడిలో సరిపోతుంది. మన "అ" కు, "ఋ" కు ఆ వంపులు, కొమ్ములు తెలియాలంటే రెండు గడుల వెడల్పు, రెండు గడుల ఎత్తు, అంటే నాలుగు గడులు కావాలి.

మామూలుగా ఓఎస్ 1.20 ఇచ్చేది 32 గడులే. నాలుగు చొప్పున ఎనిమిది అక్షరాలు. అచ్చుల పట్టిక కూడా పూర్తికాదు. అందుకే స్టార్ ఎఫ్‌ఎక్స్ 20,3 అనే ఆదేశం వాడతారు. అప్పుడు 128 గడులు వస్తాయి, 32 అక్షరాలు గీయొచ్చు. దానికి సిస్టమ్ 768 బైట్లు అదనంగా తీసుకుంటుంది, అదీ సరిగ్గా పేజ్ మొదలయ్యే చోటు నుంచి. కాబట్టి క్యాసెట్ మెషీన్‌లో ప్రోగ్రాము 3584 దగ్గర కాకుండా 4352 దగ్గర మొదలవ్వాలి. రాసినవాళ్లు ముందు లైన్లలో పేజ్=4352 అని రాసేసుకుంటారు.

అదే ప్రోగ్రామును డిస్క్ ఉన్న మెషీన్‌లో పెట్టండి. 4352 అంటే డిస్క్ రోమ్ వాడుకునే చోటు నడిమధ్య. ప్రోగ్రాము దాని మీద కూర్చుంటుంది. తర్వాత డిస్క్ కదిలితే ప్రోగ్రాము చెరిగిపోతుంది. ఎవరైనా తెలివిగా పేజ్=6400 అని మార్చినా పని జరగదు. ఇప్పుడు అదనపు అక్షరాల గడులు 6400 నుంచి 7167 దాకా ఉన్నాయి. ఆ గడులను గీసే ప్రతి వీడీయూ 23 తోనూ ప్రోగ్రాము తన మొదటి లైన్లను తనే చెరిపేసుకుంటుంది. మొదటి కొన్ని అక్షరాలు వచ్చి, ఆ తర్వాత "బ్యాడ్ ప్రోగ్రామ్" అని ఆగిపోతే ఇదే కారణమని పట్టుకోండి.

7168 అని సరిదిద్దితే ఈ మెషీన్‌లో నడుస్తుంది. కానీ ఎకోనెట్ ఉన్న మెషీన్‌లో మళ్లీ తప్పుతుంది. 1986 లో వచ్చిన మాస్టర్ మోడల్‌లో అసలు ఈ లెక్కే లేదు. దాంట్లో అక్షరాల గడులన్నిటికీ విడిగా దాచిన మెమరీ ఉంది, డిస్క్ ఉన్నా పేజ్ 3584 దగ్గరే ఉంటుంది. అంకె ఏది రాసినా ఏదో ఒక మెషీన్‌లో అది తప్పే అవుతుంది.

అందుకని అంకెను మీరు చెప్పకండి, సిస్టమ్‌నే అడగండి. దీనికోసం 131 నంబరు పిలుపు ఉంది. లైన్ నంబర్లు లేకుండా నేరుగా ఇలా కొట్టండి:

స్టార్ ఎఫ్‌ఎక్స్ 20,3
ఎ%=131
పేజ్=(యూఎస్‌ఆర్(65524) యాండ్ 16776960) డివ్ 256
న్యూ
చైన్ "తర్వాత ప్రోగ్రాము పేరు"

క్యాసెట్ మెషీన్‌లో ఇది 4352 తెచ్చుకుంటుంది, డిస్క్ మెషీన్‌లో 7168, మాస్టర్‌లో 3584. ప్రోగ్రాము లోపల పేజ్ ను మార్చే పాత లైను ఉంటే తీసేయండి. ప్రతిసారీ కొట్టడం కష్టమైతే స్టార్ బిల్డ్ తో ఈ లైన్లను డిస్క్ మీద బూట్ ఫైలుగా రాసి, స్టార్ ఆప్ట్ 4,3 పెట్టండి. షిఫ్ట్ పట్టుకుని బ్రేక్ నొక్కితే తనంతట తనే మొదలవుతుంది. ఇంకో మాట, మోడ్ 7 లో ఈ అక్షరాలు కనబడవు. వేరే మోడ్‌లోకి వెళ్లాలి.

బేసిక్ 1, బేసిక్ 2 మధ్య

బేసిక్ 2 లో కొత్త మాటలు కొన్ని వచ్చాయి. ఓఎస్‌సీఎల్ఐ, ఓపెనప్, అసెంబ్లర్‌లో (మెషీన్ కోడ్ రాసే భాగం) ఈక్యూబీ, ఈక్యూడబ్ల్యూ, ఈక్యూడీ, ఈక్యూఎస్. బేసిక్ 1 కు ఇవి తెలియవు. చేత్తో టైపు చేస్తే "మిస్టేక్" లాంటి ఎర్రర్ ఇస్తుంది. టైపు చేయకుండా ఫైలు నుంచి నేరుగా లోడ్ చేస్తే ఇంకా అయోమయం. బేసిక్ ప్రతి మాటనూ ఒక సంకేతపు అంకెగా మార్చి దాచుకుంటుంది, ఆ అంకె పాతదానికి అర్థం కాదు.

కాబట్టి ఒక బేసిక్ నుంచి ఇంకోదానికి ప్రోగ్రామును మార్చేటప్పుడు సంకేతాలుగా కాకుండా అక్షరాలుగా పంపండి. కొత్తదాంట్లో లిస్టో 0, తర్వాత స్టార్ స్పూల్ ఫైలుపేరు, లిస్ట్, మళ్లీ ఒట్టి స్టార్ స్పూల్. పాతదాంట్లో న్యూ, స్టార్ ఎగ్జెక్ ఫైలుపేరు. ఎవరో వేగంగా టైపు చేస్తున్నట్టు లైన్లన్నీ వచ్చి పడతాయి. తేడా ఉన్న లైను కూడా అప్పుడే కళ్లబడుతుంది.

ఒక్క ఓపెనిన్ విషయంలో జాగ్రత్త. బేసిక్ 1 లో ఓపెనిన్ అంటే చదవడానికీ రాయడానికీ ఫైలు తెరవడం. బేసిక్ 2 లో ఆ పాత సంకేతానికే ఓపెనప్ అని పేరు మార్చి, చదవడానికి మాత్రమే తెరిచే కొత్త ఓపెనిన్‌కు వేరే సంకేతం ఇచ్చారు. అందుకే బేసిక్ 1 లో సేవ్ చేసిన ప్రోగ్రామును బేసిక్ 2 లో లిస్ట్ చేస్తే ఓపెనప్ అని కనిపిస్తుంది. ఎవరో మార్చారనుకుని దాన్ని సరిదిద్దకండి, అది సరిగ్గానే ఉంది. స్పూల్ పద్ధతిలో అక్షరాలుగా పంపినప్పుడే ఈ లైన్లను చేత్తో చూసుకోవాలి. బేసిక్ 1 నుంచి వచ్చిన ఓపెనిన్‌ను ఓపెనప్ చేయండి, బేసిక్ 2 నుంచి వచ్చే ఓపెనప్‌ను ఓపెనిన్ చేయండి.

బేసిక్ 1 లో ఓఎస్‌సీఎల్ఐ లేని లోటు ఇలా తీర్చుకోవచ్చు. డిమ్ సి% 40 తో కొంచెం చోటు తీసుకోండి. $సి%= అని ఆదేశాన్ని అందులో రాయండి. ఎక్స్%=సి% మాడ్ 256, వై%=సి% డివ్ 256, ఆ తర్వాత కాల్ 65527. అసెంబ్లర్‌లో ఈక్యూబీ కావాల్సిన చోట బ్రాకెట్ మూసి, ?పి%=విలువ, పి%=పి%+1 అని రాసి, మళ్లీ బ్రాకెట్ తెరిచి ఆప్ట్ రాస్తే సరి.

మెషీన్ కోడ్ ప్రోగ్రాములు

ఇక్కడ ఒక్క విషయం తెలిస్తే చాలు. ఓఎస్‌లోకి వెళ్లడానికి తయారుచేసినవాళ్లే కొన్ని తలుపులు పెట్టారు. అక్షరం రాయడానికి 65518, కీ చదవడానికి 65504, సిస్టమ్ పనులకు 65524, స్టార్ ఆదేశాలకు 65527. వెర్షన్ మారినా ఈ తలుపులు కదలవు. వాటి వెనక గదులు మాత్రం ప్రతి వెర్షన్‌కూ మారతాయి. తలుపు దాటి వెళ్లే తీరిక లేక గోడకు కన్నం వేసి లోపలికి దూకిన ప్రోగ్రాము, రోమ్ మారగానే ఎక్కడో పడి చస్తుంది.

మీ ప్రోగ్రాములో అలాంటి దూకుళ్లు ఉన్నాయేమో ఇలా వెతకండి. కోడ్‌ను రన్ చేయకుండా లోడ్ చేసి, అది మొదలయ్యే చోటు ఎస్% లో, ముగిసే చోటు ఇ% లో పెట్టి:

10 ఫర్ ఐ%=ఎస్% టు ఇ%
20 ఇఫ్ (?ఐ%=32 ఆర్ ?ఐ%=76) యాండ్ ఐ%?2>191 యాండ్ ఐ%?2<255 ప్రింట్ ఐ%
30 నెక్స్ట్

32 అంటే జేఎస్ఆర్, 76 అంటే జంప్, రెండూ వేరేచోటికి వెళ్లమనే మెషీన్ ఆదేశాలు. ఓఎస్ లోపలికి నేరుగా వెళ్లే చోట్లు అచ్చవుతాయి. అందులో కొన్ని కోడ్ కాకుండా బొమ్మల డేటా కావచ్చు, ఒక్కొక్కటీ చూసుకోవాలి. నిజంగా దూకేదే అయితే ఆ పాత ఓఎస్‌లో ఆ చోట ఏ పని జరుగుతుందో తెలుసుకుని, దాని బదులు తలుపు పిలుపు పెట్టండి. ఇదంతా అసలు మెషీన్ మీద చేయనక్కర్లేదు. కంప్యూటర్‌లో బీబ్‌ఎమ్ ఎమ్యులేటర్ (బీబీసీ మైక్రోలా నడిచే ప్రోగ్రాము) పెట్టుకుంటే ఏ సాకెట్‌లో ఏ రోమ్ ఉండాలో మీరే చెప్పొచ్చు. మే నెల ఎండల్లో, వోల్టేజీ ఎగిరిపడే మధ్యాహ్నాల్లో నలభై ఏళ్ల బోర్డును గంటలకొద్దీ నడపడం కంటే ఇది చాలా మంచిది.

డిస్క్ రక్షణ ఉన్న ఆటలది వేరే కథ. అవి 65152 దగ్గరున్న 8271 డిస్క్ చిప్‌తో నేరుగా మాట్లాడతాయి. మీ బోర్డులో దాని స్థానంలో 1770 చిప్ ఉంటే, దాని భాష వేరు. డీఎఫ్ఎస్ వెర్షన్ మార్చినా ఉపయోగం ఉండదు, టెన్షన్ పడి చిప్‌లు పీకకండి.

చివరికి చిప్ పెట్టక తప్పకపోతే

అసలు రోమ్ తీసేసి కొత్తది పెట్టడం నాకు ఇష్టం ఉండదు. ఖాళీ సాకెట్ ఉంటే రెండో బేసిక్‌ను దాంట్లో పెట్టి, రెండింటినీ ఉంచండి. కీబోర్డు కింద కుడివైపు వరసలో ఐసీ 51 ఓఎస్‌ది. ఐసీ 52, 88, 100, 101 అనే నాలుగూ అదనపు రోమ్‌లవి, వాటి నంబర్లు వరసగా 12, 13, 14, 15. 27128 ఈప్రామ్‌లో రాయించి, పక్క చిప్‌ల గాడి ఎటువైపు ఉందో అటువైపే గాడి ఉండేలా గుచ్చండి. కాళ్లు పక్కకు వంగకుండా రెండు చేతుల బొటనవేళ్లతో సమంగా నొక్కాలి. ఈప్రామ్ కిటికీ మీద స్టిక్కర్ వేయడం మరచిపోవద్దు. దాన్ని చెరిపేది అతినీలలోహిత కిరణాలే, మన ఎండలో వాటికి కొదవ లేదు.

ఇక ఏ బేసిక్ కావాలంటే దాని సాకెట్ నంబరుతో స్టార్ ఎఫ్‌ఎక్స్ 142,12 అనో, 142,14 అనో కొట్టండి. కంట్రోల్ పట్టుకుని బ్రేక్ నొక్కకముందే ప్రోగ్రాము నడుపుకోండి.

బీబీసీ కాకుండా వేరేది దొరికితే

పుణేలో డెసిబెల్స్ వాళ్లు అమ్మిన స్పెక్ట్రమ్ కంప్యూటర్ కొన్ని ఇళ్లలో ఉంది. 48కె మోడల్స్‌లో రోమ్ ఒకటే, బోర్డు మారింది. ప్రింట్ ఇన్ 254 కొడితే ఇష్యూ 2 లో 255, ఇష్యూ 3 లో 191 వస్తుంది. కీలు చదివే ప్రోగ్రాము 255 తో పోలిస్తే కొత్త బోర్డులో ఆగుతుంది. చదివిన విలువను ముందు 31 తో యాండ్ చేస్తే రెండింట్లోనూ నడుస్తుంది. ఇంకొన్ని ఆటలు 48కె రోమ్‌లో 14446 నుంచి 15615 దాకా ఖాళీగా ఉన్న 255 లను ఇంటరప్ట్ పట్టికగా (పని మధ్యలో పిలుపు వస్తే ఎటు వెళ్లాలో చెప్పే పట్టిక) వాడుకున్నాయి. 128కె రోమ్‌లో ఆ ఖాళీలో కొంత నిండిపోయింది. 257 బైట్ల పట్టికను సొంతంగా ర్యామ్‌లో పెట్టుకుంటే గొడవ ఉండదు.

గల్ఫ్ నుంచో అమెరికా నుంచో ఎవరో తెచ్చిన కమడోర్ 64 అయితే ప్రింట్ పీక్(65408) చూడండి. 170, 0, 3 అనేవి మూడు కెర్నల్ (సిస్టమ్ రోమ్) వెర్షన్లు. 0 వచ్చిన మెషీన్‌లో స్క్రీన్ మెమరీలోకి నేరుగా రాసిన అక్షరాలు వెనక రంగులోనే పడి కనబడవు. 55296 నుంచి ఉన్న రంగు మెమరీలో కూడా పోక్ చేస్తే (విలువ రాస్తే) మూడింట్లోనూ కనిపిస్తాయి.

ఏ ప్రోగ్రామును సరిచేసినా పాతదాన్ని చెరపకండి. కొత్తదాన్ని వేరే పేరుతో సేవ్ చేసి, మొదటి లైనులో రెమ్ పెట్టి ఏ ఓఎస్, ఏ బేసిక్, డిస్క్ ఉందా లేదా, ఏ లైను మార్చారో రాయండి. క్యాసెట్ కవరు మీద పాత సారు పేరు, తరగతి, సంవత్సరం రాసి ఉంటే దాన్నీ ఫొటో తీసి ఫైలుతో పాటే దాచండి. రోమ్ కాపీలు, ప్రోగ్రాములు రెండు చోట్ల ఉంచండి, ఒకటి మీ దగ్గర, ఒకటి బడి కంప్యూటర్‌లో.